వాచీకి నీటి పరీక్ష చేసే చవక పరికరాలు ఎంతవరకు క్షేమం?

నీరు చొరబడని వాచీలను ఇంట్లోనే పరీక్షించుకునే చిన్న పరికరాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయాన్ని అడిగిన ప్రశ్నలను కలిపి ఒకటిగా చేశాం. ఈ పరికరంలో వాచీని నీటికి పైన వేలాడదీసి గాలి పీడనం పెంచుతారు, తరువాత నీటిలోకి దించి గాలి వదులుతారు. లీకు ఉంటే వాచీలోకి చేరిన గాలి బుడగలుగా బయటికి వస్తుంది.

ప్రశ్న: వాచీలు బాగుచేయడం నాకు ఇష్టమైన వ్యాపకం. బ్యాటరీ మార్చిన తరువాత వెనక మూత సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకునేందుకు ఆన్‌లైన్‌లో ఒక చవక పరికరం కొన్నాను. పారదర్శకమైన అక్రిలిక్ ప్లాస్టిక్ గొట్టం, దానికి మర మూత, పక్కన చేతి పంపు, పైన ప్రెజర్ గేజి ఉన్నాయి. 6 బార్ వరకు (ఒక బార్ అంటే సుమారు వాతావరణ పీడనమంత) వాడవచ్చని దానిపై రాసి ఉంది. అది పగిలితే పెద్ద ప్రమాదమని నా మిత్రుడు అంటున్నాడు. లోపల సగం నీళ్లే ఉంటాయి, మిగతాది నేను చేత్తో కొట్టిన గాలి. ఇందులో అంత భయపడవలసింది ఏముంది?

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజం. మీరు తేలిగ్గా తీసుకున్న ఆ గాలే ఇక్కడ ప్రమాదానికి మూలం. నీటిని ఎంత నొక్కినా దాని పరిమాణం దాదాపు మారదు కాబట్టి అందులో శక్తి నిల్వ ఉండదు. ఒక లీటరు నీటిని 6 బార్ పీడనానికి తెచ్చినా అందులో చేరే శక్తి ఒక జౌల్‌లో పదో వంతు కూడా కాదు. పాత్ర చిట్లితే కొంచెం నీరు కారుతుంది, పీడనం వెంటనే పడిపోతుంది, అంతటితో సరి. గాలి సంగతి వేరు. ఒక లీటరు స్థలంలోకి గాలిని కూరి, గేజి 6 బార్ చూపేదాకా నొక్కితే, ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 750 జౌళ్లు. అది 75 కిలోల మనిషిని మీటరు ఎత్తుకు లేపడానికి సరిపోయే శక్తి. మీ గొట్టంలో నీళ్లు పోగా గాలికి మిగిలిన చోటు 400 మిల్లీలీటర్లే అనుకున్నా 300 జౌళ్లు ఉంటాయి. మీరు పంపును నెమ్మదిగా, ఆగి ఆగి కొట్టి ఉండవచ్చు. గొట్టం పగిలినప్పుడు మాత్రం ఆ శ్రమంతా రెప్పపాటులో బయటికి వస్తుంది, ప్లాస్టిక్ ముక్కలను తనతో పాటు విసిరికొడుతుంది.

ఆ సమయంలో మీ ముఖం ఎక్కడ ఉంటుందో కూడా ఆలోచించండి. వాచీ నుంచి వచ్చే బుడగలు ఆవగింజకంటే చిన్నవిగా ఉంటాయి కాబట్టి, వాటిని పట్టుకోవాలంటే కన్ను గొట్టానికి జానెడు దూరంలో ఉండాల్సిందే. ఈ పరికరాన్ని ఎలా వాడాలో చూపే చిత్రాలన్నీ మనిషిని సరిగ్గా అక్కడే కూర్చోబెడతాయి. నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టే అంశం ఇదే.

మూత మీద పడే బలాన్ని కూడా లెక్కవేద్దాం. గొట్టం లోపలి వ్యాసం 8 సెంటీమీటర్లు ఉంటే మూత వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. 6 బార్ దగ్గర ఆ మూతను పైకి తోసే బలం 300 కిలోల బరువుకు సమానం. గేజి 1 బార్ చూపుతున్నప్పుడు కూడా అది 50 కిలోలు. అందుకే పీడనం పూర్తిగా పోకముందు మూత మరను తిప్పడం ఎంతమాత్రం తగదు. గేజి ముల్లు సున్నా దగ్గర ఉన్నంత మాత్రాన లోపల గాలి లేదని కూడా అనుకోవద్దు, ఎందుకంటే చవక గేజిల్లో ముల్లు ఇరుక్కుపోవడం కద్దు. గాలి వదిలే వాల్వును పూర్తిగా తెరిచి, చప్పుడు ఆగిన తరువాత కూడా కాసేపు వేచి, మూత తేలిగ్గా తిరుగుతుంటేనే విప్పండి. బిగుతుగా ఉంటే బలం ఉపయోగించవద్దు.

ఇంత బలాన్ని అక్రిలిక్ తట్టుకోలేదా అని మీరు అడగవచ్చు. కాగితం మీద చూస్తే బాగానే తట్టుకుంటుంది. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న 8 సెంటీమీటర్ల గొట్టంలో 6 బార్ దగ్గర గోడలో పుట్టే ఒత్తిడి 5 మెగాపాస్కల్‌కు (ఒక మెగాపాస్కల్ అంటే 10 బార్) అటూ ఇటూగా ఉంటుంది. మంచి అక్రిలిక్‌ను లాగి తెంచడానికి 70 మెగాపాస్కల్ వరకు కావాలి. కానీ గొట్టాలు నున్నని గోడ మధ్యలో పగలవు. మర చుట్లు కోసిన చోట, పంపు కోసం రంధ్రం తొలిచిన చోట, అడుగు పలకను అతికించిన చోట ఒత్తిడి అనేక రెట్లు పెరిగి ఒక సన్నని గీత దగ్గర పోగవుతుంది. పైగా అక్రిలిక్ పెళుసు పదార్థం. ఉక్కు పాత్ర ఉబ్బి, సాగి, కొంత హెచ్చరిక ఇచ్చి తరువాత విఫలమవుతుంది. అక్రిలిక్‌లో పుట్టిన పగులు ఒక హద్దు దాటితే ఆగకుండా ఈ చివరినుంచి ఆ చివరికి పాకిపోతుంది.

కాబట్టి నా సలహా ఇది. 6 బార్ అని రాసి ఉన్నా 3 బార్ దాటవద్దు. వాచీ నీళ్లకు పైన వేలాడటానికి సరిపోయేంత చోటు మాత్రమే వదిలి మిగతా గొట్టమంతా నీటితో నింపండి, ఎందుకంటే గాలి ఎంత తగ్గితే నిల్వ ఉండే శక్తి అంత తగ్గుతుంది. గొట్టానికి, మీకు మధ్య మందమైన పాలీకార్బొనేట్ పలకను నిలబెట్టి దానిలోంచి చూడండి. పాలీకార్బొనేట్ అక్రిలిక్‌లా పెంకులుగా పగలదు. దానికి తోడు కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. మామూలు చూపు కళ్లద్దాలు ఆ పనికి చాలవు. ఇవన్నీ కుదరకపోతే ఆ పరికరంలోకి గాలి కొట్టకపోవడమే మంచిది.

ప్రశ్న: నా పరికరాన్ని వాడిన ప్రతిసారీ స్పిరిట్‌తో తుడిచి శుభ్రంగా ఉంచుతాను. ఈమధ్య మూత బిగించే మర పక్కన వెలుతురులో మెరిసే సన్నని గీతలు కనబడుతున్నాయి. గోటితో తాకితే తెలియడం లేదు. ఇవి వాడకంలో పడే మామూలు గీతలేనా?

జవాబు: కావు. దయచేసి ఈ రోజు నుంచే ఆ పరికరాన్ని వాడటం ఆపేయండి. పైన పడిన గీత గోటికి తగులుతుంది, దిశ లేకుండా ఉంటుంది. మీరు చెప్పినవి పదార్థం లోపల పుట్టిన నెర్రెలు. గొట్టాన్ని చేతిలో తిప్పుతూ చూస్తే అవి ఒక కోణంలో వెండి తీగల్లా మెరిసి, మరో కోణంలో మాయమవుతాయి. సాధారణంగా మర చుట్ల నుంచి, రంధ్రాల అంచుల నుంచి మొదలై ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. పగులు పుట్టడానికి ముందు దశ ఇదే.

దీనికి స్పిరిట్ కూడా కారణమయ్యే అవకాశం చాలా ఉంది. అక్రిలిక్ ఒత్తిడిలో ఉన్నప్పుడు ఆల్కహాల్ తగిలితే దాని అణువుల గొలుసుల మధ్య పట్టు సడలి నెర్రెలు పుడతాయి. మరమ్మతు బల్ల మీద ఎప్పుడూ ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గోళ్ల రంగు తుడిచే అసిటోన్, అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్లు, పెట్రోల్ వంటి ద్రావకాలు అన్నీ దీనికి శత్రువులే. మర వదులు కాకుండా పూసే థ్రెడ్‌లాకర్ ద్రవాల సంగతి చాలామందికి తెలియదు. లోహానికి ఎంతో మేలు చేసే ఆ ద్రవం అక్రిలిక్ మరలోకి చేరితే దాన్ని లోపలినుంచే చీలుస్తుంది. గొట్టం తయారైన తీరుకు కూడా ఇందులో పాత్ర ఉంది. కరిగించి అచ్చులోంచి తోసి చేసిన చవక గొట్టంలో తయారీ నాటి ఒత్తిళ్లు లోపలే మిగిలిపోతాయి. పోత పోసి, తరువాత నిదానంగా వేడిచేసి చల్లార్చిన గొట్టంలో అవి చాలా తక్కువ. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి.

అక్రిలిక్‌ను శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీరు, కాస్త మెత్తని సబ్బు, మెత్తని గుడ్డ చాలు. మూత సందును మూసే రబ్బరు వలయానికి, అంటే ఓ-రింగుకు, సిలికాన్ గ్రీజు పలుచగా రాయవచ్చు. కానీ ఒకసారి నెర్రె విచ్చిన గొట్టానికి మందు లేదు. జిగురుతో అతికించడం, పైన టేపు చుట్టడం, పీడనం తగ్గించి వాడుకుందాం అనుకోవడం, ఏదీ పనికిరాదు. దాన్ని పారవేసే ముందు పంపునూ వాల్వునూ విప్పి వేరుచేస్తే ఇంకెవరూ తీసి మళ్లీ గాలి కొట్టే వీలుండదు.

ప్రశ్న: మరమ్మతు పనిలో ఉన్నవాడిని. రెండు అనుభవాలకు కారణం తెలియక రాస్తున్నాను. ఒకసారి పరీక్ష ముగించి గాలి వదులుతుండగా వాచీ అద్దం ఊడి పైకి ఎగిరింది. మరోసారి పరీక్షలో ఏ బుడగలూ రాని వాచీని బల్ల మీద పెట్టి వెనక మూత తెరవబోతే అది కత్తి మొనను తోసేసి ముఖం పక్కనుంచి పోయింది. పరికరం మాత్రం చెక్కుచెదరలేదు. లోపం ఎక్కడ జరిగింది?

జవాబు: రెండింటికీ కారణం ఒక్కటే. పరీక్షలో వాచీ కూడా గాలి నిండిన చిన్న పాత్ర అయిపోయింది. వాచీ పీడనంలో ఉన్నప్పుడు ఎక్కడైనా సన్నని లీకు ఉంటే, ఆ నిమిషాల్లో గాలి నెమ్మదిగా లోపలికి చేరుతుంది. మీరు గొట్టంలోని గాలిని చటుక్కున వదిలితే బయటి పీడనం పడిపోతుంది, లోపలి గాలికి మాత్రం వచ్చిన దారిలోనే అంత వేగంగా పోయే వీలుండదు. అద్దం వ్యాసం 30 మిల్లీమీటర్లు ఉండి లోపల 3 బార్ మిగిలితే, అద్దాన్ని బయటికి తోసే బలం 21 కిలోలకు పైమాటే. అద్దాన్ని పట్టి ఉంచే నైలాన్ వలయం బయటి నీటి ఒత్తిడిని ఆపడానికి పెట్టినది. లోపలినుంచి వచ్చే తోపును అది అంతగా ఆపలేదు.

సముద్రంలో లోతున పనిచేసే డైవర్లు ఈ చిక్కును 1960ల్లోనే ఎదుర్కొన్నారు. రోజుల తరబడి హీలియం కలిసిన గాలి నిండిన పీడన గదుల్లో ఉండేటప్పుడు, అతి చిన్న అణువులున్న ఆ వాయువు గ్యాస్కెట్ల (వాచీ అతుకుల సందులను మూసే రబ్బరు వలయాల) సందుల్లోంచి వాచీల్లోకి చేరేది. పైకి తెచ్చే క్రమంలో గది పీడనం తగ్గించగానే వాచీ అద్దాలు ఊడి ఎగిరేవి. దాన్ని నివారించేందుకే కొన్ని డైవర్ వాచీలకు పక్కన హీలియం విడుదల వాల్వు అమర్చడం మొదలైంది. మీ బల్ల మీద జరిగింది అదే, కాకపోతే మామూలు గాలితో.

రెండో సంఘటన మరింత మోసకరమైనది. కొన్ని గ్యాస్కెట్లు ఒక దిశలో గాలిని రానిచ్చి, ఎదురు దిశలో పెదవిలా మూసుకుపోతాయి. అలాంటప్పుడు గాలి లోపలికి చేరుతుంది, తిరిగి బయటికి రాదు. బుడగలు రాలేదు కాబట్టి వాచీ నెగ్గిందని అనుకుంటాం, నిజానికి అది పీడనాన్ని దాచుకుని కూర్చుంది. నొక్కి బిగించే రకం మూత అయితే, కత్తి మొన తగలగానే ఎగురుతుంది. కాబట్టి గాలి పీడనంతో పరీక్షించిన ప్రతి వాచీనీ, నెగ్గినా ఓడినా, కొంతసేపు పక్కన ఉంచండి. తరువాత క్రౌన్‌ను (సమయం దిద్దడానికి పక్కన తిప్పే బుడిపెను) ఒకసారి బయటికి లాగి లోపలి గాలికి దారి ఇవ్వండి. తెరిచేటప్పుడు మూత ముఖం వైపు కాకుండా అవతలికి తిరిగి ఉండేలా వాచీని హోల్డరులో బిగించి, పైన గుడ్డ కప్పి తెరవండి. కంటి రక్షణ అద్దాలు ఇక్కడ కూడా తప్పనిసరి.

పరీక్ష నడిపే తీరులో కూడా క్రమం ఉంది. పట్టీని ముందే విప్పండి, లేకపోతే దాని సందుల్లో చిక్కిన గాలి బుడగలై మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. వాచీని నీటికి పైన ఉంచి పీడనం పెంచి, రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడు నీటిలోకి దించండి. వాల్వును వెంట్రుక వాసి మాత్రమే తెరిచి చాలా నెమ్మదిగా గాలి వదులుతూ గమనించండి. అంచుల్లో అంటుకున్న నాలుగైదు బుడగలు లేచి ఆగిపోతే భయం లేదు. ఒకే చోటు నుంచి తెగని దారంలా వస్తుంటే అది లీకు. ఆ క్షణంలో గాలి వదలడం ఆపి, గొట్టంలో పీడనం ఇంకా ఉండగానే వాచీని నీటిపైకి లేపి, మిగిలిన గాలిని తరువాత నిదానంగా వదలండి. ఆలస్యం చేస్తే లోపలి గాలి అయిపోయి, అదే రంధ్రంలోంచి నీరు వాచీలోకి పోతుంది. నీరు పోకపోయినా, నీటి మీద నిలిచిన తేమ గాలి అప్పటికే లోపలికి చేరి ఉంటుంది కాబట్టి లీకు అయిన వాచీని తెరిచి ఆరబెట్టవలసిందే.

పాత వాచీల గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1960ల ముందు తయారైన అనేక వాచీల్లో అంకెలు చీకట్లో వెలగడానికి రేడియం కలిసిన రంగు పూశారు. దాని వెలుగు ఎప్పుడో పోయి ఉంటుంది గాని, రేడియం-226 అర్ధాయుష్షు సుమారు 1600 ఏళ్లు కాబట్టి రేడియోధార్మికత పోలేదు. ఎండి పొడిబారిన ఆ రంగు అద్దం ఎగిరిన విసురుకు ధూళిగా లేస్తే ఊపిరితో లోపలికి వెళ్తుంది. అలాంటి వాచీని పీడన పరీక్షకు పెట్టనే కూడదు.

ప్రశ్న: చేతి పంపు కొట్టి కొట్టి విసుగు వస్తోంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరును పరికరానికి కలపవచ్చా? లేదా మందమైన పీవీసీ పైపు, నీటి ఫిల్టర్ గిన్నె వంటివాటితో సొంతంగా ఒక పరికరం చేసుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. చేతి పంపులో ఒక రక్షణ ఉంది. పీడనం పెరిగేకొద్దీ చేతికి బరువు తెలుస్తుంది, మీరు ఆగితే పీడనం ఆగుతుంది. వర్క్‌షాపు కంప్రెసరు ట్యాంకులో సాధారణంగా 8 బార్ వరకు గాలి సిద్ధంగా ఉంటుంది. గొట్టంలోకి అది దూరడానికి క్షణాలు చాలు, సేఫ్టీ వాల్వు లేని పరికరంలో దాన్ని ఆపేది ఏదీ లేదు. పైగా గొట్టం పగిలిన తరువాత కూడా ట్యాంకు నుంచి గాలి వస్తూనే ఉంటుంది.

పీవీసీ పైపు మీద రాసి ఉండే పీడనం అంకె నీటి కోసం ఉద్దేశించినది. నొక్కిన గాలికి పీవీసీ పైపులు వాడితే అవి ముక్కలై ఎగిరి గాయపరుస్తాయని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే హెచ్చరిక జారీ చేసింది. నీటి ఫిల్టర్ గిన్నెలు కూడా నీటికోసం చేసినవే. ఒకే పాత్ర, ఒకే పీడనం అయినా నీటికి, గాలికి ఎంత తేడా ఉందో మొదటి జవాబులోని లెక్క చెబుతుంది.

ప్రశ్న: కొత్త పరికరం కొనాలనుకుంటున్నాను. పెట్టె మీద సీఈ గుర్తు (ఐరోపా నిబంధనలకు అనుగుణమని తయారీదారు వేసే గుర్తు) ఉన్నవి చూసి తీసుకుంటే సరిపోతుందా? చూడవలసినవి ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు: ఇక్కడ ఆ గుర్తుకు మీరు ఆశించే అర్థం లేదు. ఐరోపా సమాఖ్య పీడన పరికరాల ఆదేశం 2014/68 ప్రకారం, ప్రమాదకరం కాని వాయువులున్న పాత్రల విషయంలో బార్లలో పీడనాన్ని లీటర్లలో పరిమాణంతో గుణిస్తే వచ్చే అంకె 50 దాటితేనే విడిగా అనుగుణ్యత పరీక్షలు అవసరమవుతాయి. 6 బార్, 1 లీటరు పరికరానికి ఆ అంకె 6. ఇంత చిన్నవాటిని మంచి ఇంజినీరింగ్ పద్ధతిలో తయారుచేయాలని మాత్రమే ఆదేశం కోరుతుంది, వాటి మీద ఆ ఆదేశం కింద సీఈ గుర్తు వేయకూడదని కూడా అంటుంది. అంటే పెట్టె మీద గుర్తు చూసి, ఎవరో స్వతంత్రంగా ఈ గొట్టాన్ని పీడనానికి పరీక్షించారని అనుకోవడం పొరపాటు. చిన్నది కాబట్టి చట్టం వదిలిపెట్టింది, అయితే దాని ముందు ముఖం పెట్టుకుని కూర్చునే మనిషికి అది చిన్నది కాదు.

నేనైతే ముందుగా సేఫ్టీ వాల్వు కోసం చూస్తాను. నిర్ణీత పీడనం దాటగానే దానంతట అదే గాలి వదిలే వాల్వు లేని పరికరాన్ని ధర ఎంత తక్కువైనా కొనను. తరువాత నిర్మాణం చూడాలి. అక్రిలిక్‌లోనే మర కోసి మూత బిగించే రకం కంటే, రెండు చివర్లా లోహపు పలకలు పెట్టి వాటిని ఉక్కు కడ్డీలతో కలిపి బిగించే రకం మేలు, ఎందుకంటే మూత మీద పడే ఆ వందల కిలోల లాగుడు ప్లాస్టిక్ మీద కాకుండా ఉక్కు మీద పడుతుంది. గొట్టం చుట్టూ కాపు ఉంటే ఇంకా మంచిది. తయారీదారు పేరు, గరిష్ఠ పీడనం, తయారైన సంవత్సరం పరికరం మీద ఉండాలి. అతికించిన చోట్ల బుడగలు, మరల దగ్గర తెల్లని మచ్చలు కనబడితే వెనక్కి పంపండి. గేజి సంగతి కూడా చూడండి. 10 బార్ గేజిలో తప్పు హద్దు పూర్తి స్థాయిలో 2.5 శాతం అంటే, ముల్లు ఎక్కడ ఉన్నా పావు బార్ అటూ ఇటూ ఉండవచ్చని అర్థం. ఈ తప్పు హద్దును తెలిపే తరగతి సంఖ్యే లేని గేజి చెప్పే అంకెను నమ్మి హద్దు దగ్గరిదాకా వెళ్లకూడదు. ఇక పాతది, మరొకరు వాడినది కొనే ఆలోచన ఉంటే మానుకోండి. ఎన్నిసార్లు గాలి నింపారో, దేనితో తుడిచారో, ఎప్పుడైనా కింద పడిందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: నా దగ్గర 100 మీటర్ల డైవర్ వాచీ ఉంది. 6 బార్ పరికరంలో నెగ్గితే దానితో సముద్రంలోకి దిగవచ్చా? లేక ఎలాగోలా 10 బార్ దాకా పరీక్షించాలా? ప్రమాదం లేకుండా ఇంట్లో చేయదగిన పరీక్ష ఏదైనా ఉందా?

జవాబు: 10 బార్ అన్న ఆలోచనే గాలి పరికరంతో చేయకండి. ఆ పీడనానికి అక్రిలిక్ గొట్టం, చేతి పంపు సరైన సాధనాలు కావు. మరమ్మతు కేంద్రాల్లో అంత పీడనానికి పూర్తిగా నీటితో నిండిన లోహపు యంత్రాలు వాడతారు. డైవర్ వాచీలకు సంబంధించి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) తెచ్చిన 6425 ప్రమాణం, 2018 కూర్పు ప్రకారం, రాసి ఉన్న పీడనానికి 25 శాతం కలిపి నీటిలో 2 గంటలు ఉంచుతారు. 100 మీటర్ల లోతు అంటే సుమారు 10 బార్ కాబట్టి మీ వాచీకి అది 12.5 బార్. వెంటనే పీడనాన్ని 0.3 బార్‌కు తగ్గించి ఇంకో గంట ఉంచుతారు. ఆ రెండో భాగానికి మంచి కారణం ఉంది. ఎక్కువ పీడనంలో గ్యాస్కెట్ గట్టిగా నొక్కుకుని దానంతట అదే మూసుకుపోయే లీకులు తక్కువ పీడనంలో బయటపడతాయి. పీడనం ఎంత పెంచితే పరీక్ష అంత గట్టిదన్న నమ్మకంతో ప్రమాదంలోకి వెళ్లేవారు ఈ సంగతి గమనించాలి.

మీ 6 బార్ పరీక్షలో నెగ్గిన వాచీ గురించి తెలిసేది, కదలకుండా వేలాడుతున్న ఆ కొద్ది నిమిషాల్లో పెద్ద లీకు కనబడలేదని మాత్రమే. నీటిలో క్రౌన్‌కు తగిలే దెబ్బలు, వేడి నుంచి చల్లదనానికి మారడం, ఏళ్లతో గట్టిపడే రబ్బరు అందులో లెక్కకు రావు. సముద్రంలో డైవింగ్‌కు ఆధారపడే వాచీ అయితే సరైన యంత్రం ఉన్న మరమ్మతు కేంద్రానికే ఇవ్వండి. అక్కడ నీటి అవసరం లేని పొడి పరీక్ష యంత్రాలు కూడా ఉంటాయి. అవి వాచీ చుట్టూ గాలి పీడనాన్ని కొద్దిగా పెంచి లేదా తగ్గించి, అద్దం మైక్రాన్లలో ఎంత వంగిందో, వంపు నిలిచిందో తిరిగిపోయిందో చూసి లీకును చెబుతాయి. వాచీ తడవదు, లోపల నీరు చేరే భయం ఉండదు.

ఇంట్లో చేయదగినది ఒకటి ఉంది. మామూలు నీటి నిరోధక వాచీల ప్రమాణం ఐఎస్ఓ 22810లో ఉన్న తేమ పరీక్షకు పీడనంతో పనిలేదు. వాచీని 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న పలక మీద 10 నుంచి 20 నిమిషాలు ఉంచి, అద్దం మీద గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటి చుక్క వేసి, నిమిషం తరువాత పొడిగుడ్డతో తుడిచి చూస్తారు. అంతకంటే వేడి చేయకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. ఈ పరీక్ష గ్యాస్కెట్ ఎంత లోతును తట్టుకుంటుందో చెప్పదు, లోపల తేమ ఉందా లేదా అన్నది మాత్రం నమ్మకంగా చెబుతుంది. తుడిచిన చోట అద్దం లోపలివైపు ఆవిరి పట్టి కనబడితే నీరు ఇప్పటికే ఏదో దారిన చేరిందని అర్థం. ఆ వాచీని ఏ గొట్టంలోనూ పెట్టకుండా నేరుగా మరమ్మతుకు ఇచ్చి, తెరిపించి, ఆరబెట్టించి, గ్యాస్కెట్లన్నీ మార్పించండి.